ఆన్‌లైన్ ఏడాది ఫీజుల లెక్క తేల్చాలి

సంపాదకులు గారికి,

కరోనాతో మూతపడ్డ విద్యాసంస్థలన్నీ 2021 సెప్టెంబరు 1 నుంచి తెరుస్తున్నట్టు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. సంతోషం. కానీ ఆ వెంటనే ఇంజినీరింగ్ విద్యార్థుల తల్లిదండ్రులకు మెసేజ్‌లు మొదలయ్యాయి. పాత బకాయి కట్టి, కొత్త ఏడాది ఫీజులో సగమైనా జమ చేస్తేనే క్లాసుకు రానిస్తారట. ఆ పాత బకాయి దేనికి? 2020-21 విద్యాసంవత్సరంలో మన రాష్ట్రంలో కళాశాలలు తెరిచి ఉన్నది 2021 ఫిబ్రవరి 1 నుంచి మార్చి 23 వరకే. మిగతా చదువంతా ఇళ్లలో, ఫోన్లలోనే సాగింది. ఆ ఏడాదికి మామూలు ఏడాది ఫీజే వసూలు చేయడం న్యాయమా అన్నది ప్రభుత్వం తేల్చాలి.

మా అబ్బాయి 2019లో హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజినీరింగ్)లో చేరాడు. నాది చిన్న వెల్డింగ్ షాపు. ఇంట్లో సిగ్నల్ అందక వాడు డాబా మీద నీళ్ల ట్యాంకు నీడన కూర్చుని పాఠాలు వినేవాడు. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా మధ్యాహ్నానికే అయిపోయేది. ల్యాబ్ అంటే సార్ పంపే వీడియో. రీడింగులు వాట్సాప్ గ్రూపులో వచ్చేవి, వాటిని చూసి పిల్లలు రికార్డు రాసేవారు. విద్యుత్ తరంగాలను తెర మీద చూపే సీఆర్వో నాబ్ ఒక్కసారైనా తిప్పకుండానే మావాడి ఎలక్ట్రానిక్స్ రెండో ఏడాది గడిచిపోయింది. రసీదులో మాత్రం ట్యూషన్ ఫీజు, ల్యాబ్ ఫీజు, లైబ్రరీ ఫీజు, స్పెషల్ ఫీజు పూర్తిగా ఉన్నాయి. హాస్టల్ ఫీజు సగం వేశారు. గదిలో ఎవరూ లేరు కదా అని అడిగితే, పెట్టె, పరుపు ఉన్నాయి కాబట్టి గది మీ పేరునే ఉన్నట్టు లెక్క అన్నారు. రోజూ ఇంటి నుంచి వెళ్లి చదువుకునే పిల్లల దగ్గర షెడ్డు దాటని బస్సులకు కూడా సగం ఫీజు తీసుకున్నారు.

కళాశాలకు ఆదా అయిన ఖర్చు మా ఇళ్ల మీద పడింది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లెటూరి కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి నూటికి 4.4 మాత్రమే. మిగతావాళ్లంతా ఏదో ఒక ఫోన్‌తో నెట్టుకొచ్చారు, లేదంటే అప్పు చేసి ల్యాప్‌టాప్ కొన్నారు. మేం కొన్నది సెకండ్ హ్యాండ్‌ది, అదీ చీటీ పాడి. షాపు మూతపడ్డ నెలల్లో ఆ చీటీ వాయిదా కట్టడమే గగనమైంది.

ఈ విషయంలో సుప్రీంకోర్టు దారి చూపించింది. రాజస్థాన్ ప్రైవేటు పాఠశాలల కేసులో 2021 మే 3న తీర్పు ఇస్తూ, బడి మూతపడి ఉన్నప్పుడు కరెంటు, నీళ్లు, డీజిల్, స్టేషనరీ, నిర్వహణ ఖర్చులు యాజమాన్యాలకు తప్పాయని, అందించని సౌకర్యాలకు డబ్బు తీసుకోవడం వ్యాపారమే అవుతుందని స్పష్టంగా చెప్పింది. 2020-21 ఫీజులో 15 శాతం తగ్గించమంది. ఫీజు కట్టలేదని పిల్లలను క్లాసులకు రాకుండా ఆపకూడదనీ ఆదేశించింది. ఆ తీర్పు బడుల గురించే, ఒప్పుకుంటాను. కానీ బడిలో మిగిలిన డీజిల్, కరెంటు ఇంజినీరింగ్ కాలేజీలో మిగలలేదా? ల్యాబులు, బస్సులు, హాస్టళ్లు ఉన్న కళాశాలకు ఇంకా ఎక్కువే మిగిలి ఉండాలి.

విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ తలుచుకుంటే ఆదేశాలు ఇవ్వగలదు. 2020-21లో చేరిన పిల్లలు 2020 నవంబరు 30లోపు సీటు వదులుకుంటే ఫీజు మొత్తం తిరిగి ఇవ్వాలని చెప్పింది. చదువు మానేసిన వాళ్లకు ఆ రక్షణ దొరికింది. కష్టపడి చదువు కొనసాగించిన వాళ్ల విషయంలో మాత్రం ఫీజుల సంగతి సానుభూతితో చూడమని విశ్వవిద్యాలయాలను కోరడంతో సరిపెట్టింది. యాజమాన్యం దగ్గరికి వెళ్లి సానుభూతి అడిగితే ఏం జరుగుతుందో నాలాంటి వాళ్లందరికీ తెలుసు.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే పిల్లల తరఫున ప్రభుత్వం కళాశాలకు కట్టే ఫీజు. పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలలోపు ఆదాయం ఉన్న బీసీ కుటుంబాలకు ఇది పెద్ద ఆసరా. 2021 నాటి లెక్క ప్రకారం, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్‌లో 10,000 దాటి ర్యాంకు వస్తే ప్రభుత్వం ఏడాదికి ఇచ్చేది 35,000 రూపాయలే, మిగతాది మేం కట్టుకోవాలి. అదైనా సమయానికి వస్తే బాగుండేది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు మంజూరైనట్టు చూపిస్తుంది, ట్రెజరీలో టోకెన్ పడిందంటారు, డబ్బు మాత్రం కళాశాల ఖాతాకు చేరదు. అప్పుడు కళాశాల మమ్మల్నే ముందు కట్టమంటుంది, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తామంటుంది. నాలుగేళ్లూ అయ్యాక బకాయి ఉందని సర్టిఫికెట్లు ఆపేస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పినా పట్టించుకునే వారు లేరు. బాకీ పడింది ప్రభుత్వం, ఉద్యోగం చేజారేది పిల్లవాడికి! ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఇలాంటి పథకమే అయిన విద్యా దీవెన డబ్బును మూడు నెలలకోసారి తల్లుల ఖాతాల్లో వేశారు. అక్కడి ఇబ్బందులు అక్కడివి. కానీ ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చిందన్నది కనీసం ఆ తల్లికి తెలిసేది.

జీతాలు ఎలా ఇవ్వాలని యాజమాన్యాలు అడుగుతున్నాయి. ప్రభుత్వ బకాయిలు నిజమే, వాటితో చిన్న కళాశాలలు నలిగిపోతున్న మాటా నిజమే. అయితే మా వీధిలో ఉండే ఒక లెక్చరర్ తన సొంత డేటాతో రోజూ పాఠాలు చెప్పారు, ఆయనకు నెలల తరబడి వచ్చింది సగం జీతమే. అధ్యాపకులకు జీతాలు సక్రమంగా ఇవ్వాలని, లాక్‌డౌన్ వేళ ఫీజుల కోసం ఒత్తిడి చేయవద్దని సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2020 ఏప్రిల్‌లోనే లేఖ రాసింది. మా దగ్గర పూర్తి ఫీజు తీసుకుని అధ్యాపకులకు సగం జీతం ఇచ్చినప్పుడు మిగిలింది ఎటు పోయిందని అడిగే హక్కు మాకుంది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పించగలిగేది రాష్ట్ర ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీయే. విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఉన్న ఆ కమిటీ కళాశాలల జమాఖర్చులు చూసి మూడేళ్లకోసారి ఫీజు ఖరారు చేస్తుంది. 2021 నాటికి అమల్లో ఉన్న ఫీజులు 2019-22కు నిర్ణయించినవి. వాటి తర్వాత చేయాల్సింది 2022-25 ఫీజుల కసరత్తు. అప్పుడు 2020-21ను మామూలు ఏడాదిగా చూసి ముందుకు పోతే, చేయని ఖర్చు కూడా చేసినట్టే లెక్కలోకి ఎక్కి, రాబోయే మూడేళ్ల పిల్లల మీద పడుతుంది. అందుకే కమిటీ ఆ ఒక్క ఏడాది ఖాతాలను విడిగా తెప్పించుకోవాలి. కరెంటు, డీజిల్, ల్యాబ్ సామగ్రి, జీతాలు, ఏ పద్దు కింద ఎంత వసూలైంది, ఎంత ఖర్చయిందో పక్కపక్కనే చూపించమనాలి. మిగిలినది 2021-22 ఫీజులో తగ్గించాలి. రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లల నుంచి ప్రభుత్వ వాటాను ముందస్తుగా వసూలు చేయకుండా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఖాతాలను కళాశాలలవారీగా కమిటీ వెబ్‌సైట్‌లో పెట్టి, తల్లిదండ్రులు చదువుకుని అభ్యంతరాలు చెప్పడానికి కనీసం నెల రోజుల గడువు ఇవ్వాలి.

— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి తండ్రి,
నల్లగొండ జిల్లా