కంతులు తీరకముందే వారంటీ తీరిపోతోంది

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో మొదటి పేజీ నిండా ఒక పికప్ బండి ప్రకటన వచ్చింది. డౌన్ పేమెంట్ ఇంత, నెల కంతు ఇంత అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్టర్ పోతే ఎంతవుతుందో మాత్రం చిన్న అక్షరాల్లో కూడా లేదు. నేను మదనపల్లె టమాటా యార్డుకు బండి తోలేవాణ్ణి, ఓనరూ నేనే, డ్రైవరూ నేనే. 2021 చివర్లో 60 కంతుల మీద ఒక పికప్ తీసుకున్నాను. ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే యార్డులో నా పక్కన నిలబడే వేరే కంపెనీ బండ్లవాళ్లూ ఇదే పాట పాడుతున్నారు.

వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ బాడుగ బండికి మూడేళ్లనేది ఉత్త మాట, నాకు లక్ష కిలోమీటర్లు 28 నెలలకే దాటిపోయాయి. అప్పటికింకా 32 కంతులున్నాయి. అక్కడి నుంచి రిపేరుకు పెట్టిన ప్రతి రూపాయీ నోట్‌బుక్కులో రాస్తూ వచ్చాను. తర్వాతి 60 వేల కిలోమీటర్లకు 1,38,000 అయింది, అంటే కిలోమీటరుకు 2 రూపాయల 30 పైసలు. టైర్లు, ఆయిల్ ఇందులో కలపలేదు.

ఇందులో క్లచ్ ప్లేట్లు, కమాన్ పట్టీలు, బ్రేకులు కలిసి 41 వేలు. దానికి ఎవరినీ అనను, లోడు ఎక్కువ వేసేది మేమే. 2023 జూలైలో టమాటా కిలో రెండు వందలకు దగ్గర పోయినప్పుడు ఇంకో పది క్రేట్లు ఎక్కించరా అంటే వద్దన్న డ్రైవర్ని నేనైతే చూడలేదు. మిగతా 97 వేలే నా బాధ. రెండు ఇంజెక్టర్లకు 44 వేలు, డీపీఎఫ్ కడిగించడానికీ సెన్సర్లకూ 31 వేలు, దారిలో బండి ఆగిపోతే లాక్కెళ్లడానికీ సరుకు వేరే బండిలోకి మార్చడానికీ 22 వేలు.

డీపీఎఫ్ తెలియనివాళ్ల కోసం చెబుతాను. పొగలోని మసిని పట్టుకునే జల్లెడ అది, 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్లకు వచ్చింది. పట్టిన మసి దాంట్లోనే కాలిపోవాలి, అందుకు లోపల వేడి 600 డిగ్రీల దాకా ఎక్కాలి, అంటే రోడ్డు మీద పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే జోరున పోవాలి. సీజన్లో చెన్నై, తిరుపతి తోలినన్నాళ్లూ దానితో నాకు ఏ పేచీ లేదు. మిగతా రోజుల్లో మా బతుకు వేరు. పల్లె నుంచి యార్డుకు 18 కిలోమీటర్లు, గేటు దగ్గర క్యూలో ఇంజన్ ఆన్‌లోనే గంట, దించి మళ్లీ పల్లెకు. మసి పడుతూనే ఉంటుంది, కాలేంత వేడి ఎప్పుడూ రాదు. డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది, లైటే కదా అని నేనూ వదిలేశాను (బండి అమ్మేటప్పుడు ఆ లైటు సంగతి ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది). ఆ లైటుతోనే తిరుపతి దారిలో పీలేరు దాటి భాకరాపేట వైపు పోతుంటే బండి ఒక్కసారిగా లాగడం మానేసింది. యాక్సిలరేటర్ నేలకు ఆనించినా 20 దాటలేదు. వెనక 70 క్రేట్ల టమాటా, పైన మే నెల ఎండ. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మా నాన్న టాటా 407 బండి నడిపేవాడు. అది ఆగితే పీలేరు షెడ్డులో మేస్త్రి స్పానరు, సుత్తి పట్టుకుని సాయంత్రానికల్లా రోడ్డెక్కించేవాడు. అదే మేస్త్రి కొడుకు ఇప్పుడు నా బండి బానెట్ ఎత్తి చూసి, "అన్నా, దీనికి ల్యాప్‌టాప్ కావాలి, నా దగ్గరున్న స్కానర్‌ను ఇది లోపలికి పోనివ్వదు" అన్నాడు. చేతకాక కాదు, ఆ కుర్రాడు ఇంజన్ బోరు చేస్తే రెండు లక్షల కిలోమీటర్లు తిరిగి చూడక్కర్లేదు. చివరికి సర్వీస్ సెంటర్‌కు లాక్కెళితే రెండు రోజులు పెట్టుకుని, ల్యాప్‌టాప్ తగిలించి మసి కాల్పించి, ఒక సెన్సర్ మార్చి బిల్లు చేతిలో పెట్టారు. ఆ జల్లెడే తీసిపారేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తాం అని చెప్పేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. చట్టానికి విరుద్ధం అన్నది ఒకటైతే, ఆ నల్ల పొగ పీల్చేది మా పిల్లలే.

కాబట్టి బీఎస్6 వద్దని నేను అనడం లేదు. ఇంజెక్టర్ల సంగతే చూడండి, లోపల వెయ్యిన్నర బార్ పైన ఒత్తిడితో డీజిల్ కొడతాయి, నీళ్లూ మట్టీ కలిసిన క్యాన్ డీజిల్ పోస్తే పోతాయి, అది నా తప్పే, ఒప్పుకుంటాను. నేను అడిగేవి మూడే. బండి కొనే రోజే ఇంజెక్టర్, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో, డీపీఎఫ్, సెన్సర్లు ఒక్కొక్కటి ఎంతో రాసిన కాగితం కంతుల కాగితంతో పాటే చేతికివ్వాలి. పొగకు సంబంధించిన ఈ సామాను వారంటీ కనీసం అప్పు తీరేదాకా ఉండాలి. బయటి మేస్త్రీలకు కూడా, ఫీజు తీసుకునైనా సరే, సర్వీస్ సెంటర్ ల్యాప్‌టాప్‌లో వాడే ఆ రిపేరు సాఫ్ట్‌వేర్ ఇవ్వాలి. కేంద్రం 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది, అందులో వాహనాలూ ఉన్నాయి, కానీ ఇవ్వాల్సిందే అనే చట్టం ఇంకా లేదు. యూరప్‌లో రిపేరు సమాచారం బయటి గ్యారేజీలకు ఇవ్వడం చట్ట ప్రకారం తప్పనిసరి. అమెరికాలో మసాచుసెట్స్ జనం 2012లోనే ఓటు వేసి మరీ దీన్ని సాధించుకున్నారు. మనకు కంతు ఎంత అన్నదే తప్ప ఇలాంటివి అడగాలన్న ఆలోచనే రాదు, నాకూ రాలేదు.

ఈ మధ్య మా ఊరి కుర్రాడొకడు బండి తీసుకుంటానంటే నా నోట్‌బుక్ ఇచ్చి రెండు రోజులు దగ్గర పెట్టుకోమన్నాను. తిరిగిచ్చేటప్పుడు, "అన్నా, నీది అమ్ముతావా, ఎంతకిస్తావు?" అన్నాడు. నాకింకా 14 కంతులున్నాయి. ఇంజెక్టర్లలో మార్చాల్సినవీ ఇంకో రెండున్నాయి.

ఇట్లు,
ఒక పికప్ ఓనర్ కమ్ డ్రైవర్,
మదనపల్లె