ఈవెంట్లకు పరిగెత్తే పిల్లల కాళ్ల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను అనంతపురం జిల్లాలో ఒక హైస్కూల్ పీఈటీని. కానిస్టేబుల్ ఈవెంట్లకూ (పరుగు లాంటి శారీరక పరీక్షలకూ) ఆర్మీ ర్యాలీలకూ తయారయ్యే పిల్లల గురించి రాస్తున్నాను. తెల్లవారకముందే బైపాస్ మీదా, పల్లెలకు పోయే తారు రోడ్ల మీదా గుంపులుగా పరిగెత్తేవాళ్లను మీరూ చూసే ఉంటారు. మీ పేపర్ ఎడ్యుకేషన్ పేజీలో సిలబస్, కటాఫ్, ఈవెంట్ల టైమింగులు అన్నీ వస్తాయి, వాళ్ల మోకాలి కింది ఎముక గురించి మాత్రం ఒక్క ముక్క కూడా రాదు. దమ్ము చాలక ఆగిపోయేవాళ్ల కన్నా కాలు నొప్పితో ప్రాక్టీసే వదిలేసేవాళ్లు నాకు ఎక్కువ కనిపిస్తున్నారు.

పోయినసారి సంగతే చూడండి. 2022 నవంబర్లో ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ నోటిఫికేషన్, 2023 జనవరిలో ప్రిలిమ్స్, ఈవెంట్లు మొదలయ్యేసరికి 2024 డిసెంబర్ ఆఖరు. మధ్యలో రెండేళ్ల దాకా పిల్లలు రీడింగ్ రూముల్లో కూర్చున్నారు, కొందరు బెంగుళూరుకు పనులకు పోయారు. తేదీ వచ్చిందో లేదో 1600 మీటర్లు (మగపిల్లలైతే 8 నిమిషాల్లో) కొట్టాలనే టెన్షన్‌తో పొద్దునా సాయంత్రం రోడ్డెక్కేశారు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో దారికొస్తాయి గానీ ఎముక అంత తొందరగా రాదు. దాని మీద కొత్తగా ఒత్తిడి పడితే శరీరం ముందు పాత ఎముకను కొంత కరిగించి, ఆ తర్వాతే కొత్తది పోస్తుంది. అందుకే మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకు దమ్ము పెరిగి హుషారుగా ఉంటుంది, ఎముక మాత్రం అప్పుడే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే పిల్లలు దూరం పెంచుతారు. ఇనుప తీగను అటూ ఇటూ వంచగా వంచగా తెగినట్టు, ఏ దెబ్బా తగలకుండానే ఎముకలో సన్నటి చీలిక వస్తుంది. ఇది ఇప్పటి జబ్బేమీ కాదు, కవాతు చేసే సైనికుల పాదాల్లో ఈ నొప్పిని 1855లోనే ప్రష్యా సైన్యంలోని ఒక డాక్టర్ రాసిపెట్టాడు.

నొప్పులన్నీ ఒకటి కావు, ఇది పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. మోకాలి కింది ఎముక లోపలి అంచు పొడవునా జానెడంత మేర నొప్పి ఉండి, పరుగు మొదట్లో ఎక్కువై ఒళ్లు వేడెక్కాక తగ్గితే అది చాలావరకు షిన్ స్ప్లింట్స్. పరుగు తగ్గించి, కొన్ని వారాలు సైకిల్ తొక్కుతూ, పిక్కలకు వ్యాయామం చేస్తూ మళ్లీ మెల్లగా మొదలుపెడితే సర్దుకుంటుంది. అలా కాకుండా బొటనవేలితో ఎముక మీద నొక్కుతూ పోతే ఒక్క చోట, రూపాయి బిళ్లంత మేర, ప్రాణం పోయినట్టు ఉంటే వెంటనే ఆపాలి. ఈ మధ్య ఒక అబ్బాయి "ఏం లేదు సార్, కాలు గుంజుతాంది అంతే" అన్నాడు. నేను వేలు పెట్టగానే కాలు లాగేసుకున్నాడు, ఆ కాలి మీద ఒక్క గెంతు గెంతమంటే గెంతలేకపోయాడు. అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పైన చెప్పిన సన్నటి చీలిక కావచ్చు, ఎముకల డాక్టర్ చూడాల్సిందే. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనపడదు, "ఎక్స్‌రే బాగుంది కదా" అని మళ్లీ పరిగెత్తకండి. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో అతుక్కుంటుంది. మొండిగా పరిగెడితే ఆ చీలికే పూర్తిగా విరిగే ప్రమాదం ఉంది, ముఖ్యంగా ఎముక ముందు వైపు వస్తే.

నాకు ఎక్కువ భయం వేసేది ఇంజెక్షన్లతోనే. ఈవెంట్ రోజు పొద్దున్నే నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని లైన్లో నిలబడేవాళ్లు ఉన్నారు. నొప్పి తెలియదు కాబట్టి కాలు ఆగమని చెప్పినా వినపడదు. నీళ్లు సరిగా తాగకుండా ఆ మందులేసుకుని మన ఎండలో పరిగెడితే కిడ్నీలకు కూడా దెబ్బ.

చీలమండ మడత పడితే వెంటనే బామ్ పెట్టి గట్టిగా రుద్దేస్తారు, అది వాపును పెంచుతుంది. గుడ్డలో ఐసు చుట్టి పావుగంట పెట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. మన ఇళ్లలో కాలికి దెబ్బ అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. ఎక్కడ కట్టించినా, ఎవరు కట్టినా ఒకటి గుర్తుంచుకోండి. కట్టిన తర్వాత నొప్పి పెరుగుతూ పోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా, కదిపితే ఓర్వలేనంత బాధ ఉన్నా తెల్లారే దాకా ఆగొద్దు, ఆ కట్టు వెంటనే వదులు చేయించి ఆస్పత్రికి పోవాలి. లోపల రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది, కాలే తీసేయాల్సి రావచ్చు.

ఆడపిల్లలకు ఇంకో మాట. బరువు తగ్గాలని తిండి మానేసి పరిగెత్తి, నెలసరి ఆగిపోతే ఎముకలు పలచబడే ప్రమాదం ఉందని అర్థం. సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పండి. మన రాగిసంగటి ఉండనే ఉంది, వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. హాస్టల్లో ఉండేవాళ్లకు అది దొరికితే మంచిది.

కోచింగ్ సెంటర్ల వాళ్లను నేను అడిగేది ఒకటే: తేదీ వచ్చాక కాదు, ప్రిలిమ్స్ రాసిన రోజు నుంచే వారానికి మూడు రోజులైనా పిల్లల్ని మెల్లగా పరిగెత్తించండి, దూరం కొంచెం కొంచెంగా పెంచండి, మడమ అరిగిపోయిన బూట్లతో గ్రౌండ్‌లోకి రానివ్వొద్దు.

అధికారులకు కూడా ఒక మాట. చీకట్లో లారీల మధ్య తారు రోడ్డు మీద వీళ్లు ఎందుకు పరిగెత్తాలి? దాదాపు ప్రతి మండలంలో హైస్కూల్ గ్రౌండ్ ఉంది. రాళ్లు ఏరించి, మట్టి చదును చేసి, రెండు లైట్లు పెట్టి పొద్దున ఐదింటికి గేటు తీస్తే చాలు. మా స్కూల్ గేటు తీయడానికి నేను సిద్ధంగా ఉన్నాను, మిగతా స్కూళ్లకు డీఈవో గారు ఉత్తర్వు ఇవ్వాలి.

— ఒక పీఈటీ, అనంతపురం జిల్లా