సెప్టెంబర్ 8న పుట్టిన ముగ్గురిలో ఇద్దరిని వదిలేసిన మీ యాప్‌పై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం, పాటల కేటలాగ్ విభాగం వారికి,

విషయం: పుట్టినరోజు కార్డులో సంగీత దర్శకులు చక్రవర్తి, భూపేన్ హజారికా గార్లను చేర్చకపోవడం, చక్రవర్తి గారి పాటలకు ఆయన పేరే లేకపోవడం గురించి.

అయ్యా/అమ్మా,

నేను గుంటూరులో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. మీ యాప్‌కి ఏడాది ప్రీమియం చందా కట్టాను. మొన్న సెప్టెంబర్ 8న మీ హోమ్ పేజీలో "ఈరోజు పుట్టినరోజు" అని ఆశా భోంస్లే గారి ఫొటో పెట్టి, కింద ఆవిడ పాటలు ఇచ్చారు. చాలా మంచి పని. చిన్ని కృష్ణుడులో బాలు గారితో కలిసి ఆవిడ పాడిన పాట మేమూ స్టేజీ మీద వాయిస్తాం. అయితే ఆ రోజు ఆవిడ ఒక్కరిదే కాదు. ఆశా గారు 1933లో పుడితే, అంతకు ఏడేళ్ల ముందు 1926లో అదే తేదీన అస్సాంలోని సదియాలో భూపేన్ హజారికా గారు పుట్టారు. 1936లో అదే సెప్టెంబర్ 8న మా గుంటూరు జిల్లా పొన్నెకల్లులో కొమ్మినేని అప్పారావు గారు పుట్టారు. సినిమా వాళ్లకి ఆయన చక్రవర్తి.

తెలుగు విభాగంలో కూడా ఆయన పేరు కనపడకపోయేసరికి చాలా బాధ వేసింది. తొమ్మిది వందలకు పైగా సినిమాలకు సంగీతం ఇచ్చిన మనిషి ఆయన. యమగోల, వేటగాడు, ప్రేమాభిషేకం ఆయనవే. మాస్ పాట కావాలన్నా, కన్నీళ్లు పెట్టించే పాట కావాలన్నా నిర్మాతలు ఆయన దగ్గరికే వెళ్లిన రోజులున్నాయి. ఆయన పాడారు, డబ్బింగ్ చెప్పారు, తెర మీద నటించారు కూడా. తర్వాతి కాలంలో తెలుగు పాటని ఏలిన రాజ్, కోటి, కీరవాణి ఆయన దగ్గర అసిస్టెంట్లుగా పనిచేసి పైకొచ్చినవాళ్లే. ఇప్పటికీ మా ప్రోగ్రామ్‌లో జనం చీటీల మీద రాసి పంపే పాటల్లో ఆయనవి లేని రోజు ఉండదు. అందులో చాలామందికి ఆ పాట ఎవరు చేశారో తెలియదు. తెలుసుకుందామని మీ యాప్ తెరిస్తే అక్కడా తెలియడం లేదు.

ఎందుకు తెలియడం లేదో స్వయంగా వెతికి చూశాను. వేటగాడు (1979)లో ఆ వాన పాట తెరవండి. పాట పేరు కింద ఆర్టిస్టుల వరసలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, పి. సుశీల ఉన్నారు. సరే, పాడింది వాళ్లే. ఆ పక్కనే ఎన్టీ రామారావు, శ్రీదేవి అని ఉంది. తెర మీద నటించినవాళ్లు ఆర్టిస్టుల వరసకెక్కారు. బాణీ కట్టిన చక్రవర్తి గారు గానీ, రాసిన వేటూరి గారు గానీ లేరు. మూడు చుక్కలు నొక్కి "క్రెడిట్స్" తెరిస్తే సంగీతం అన్నచోట చిన్న గీత ఉంది, అంతే. ఆ పాట మొదట్లో వచ్చే మ్యూజిక్ వినండి. అది ఎవరి బుర్రలోంచి వచ్చిందో చెప్పాల్సిన చోట మీరు గీత గీసి వదిలేశారు.

ఇక సెర్చ్‌లో "చక్రవర్తి" అని కొడితే వచ్చే పేజీ ఇంకా ఘోరం. ఫొటో ఎవరో కుర్రాడిది. మొదటి పాట ఈమధ్య వచ్చిన ప్రైవేట్ భక్తి పాట. దాని కింద ప్రేమాభిషేకం పాటలు రెండు. మళ్లీ ఇంకెవరో. ఈ పేరున్న వాళ్లందరినీ ఒకే పేజీలో కలిపేశారు. పుట్టిన తేదీ ఖాళీ. తేదీయే లేనప్పుడు పుట్టినరోజు కార్డు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదంతా స్క్రీన్‌షాట్లతో సహా మీ కస్టమర్ కేర్‌కి రాశాను. "మా సిస్టమ్ రోజుకి ఒక ఆర్టిస్టునే చూపిస్తుంది, ఎక్కువమంది విన్నవారిని ఎంచుకుంటుంది, మీ సూచనకు ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. ఈ మాట నిజం కాదు. జూన్ 24న మీ తమిళ విభాగంలో ఎం.ఎస్. విశ్వనాథన్, కణ్ణదాసన్ ఇద్దరి ఫొటోలూ పక్కపక్కనే వేశారు. విశ్వనాథన్ గారు పుట్టింది 1928లో, కణ్ణదాసన్ గారు 1927లో, తేదీ ఒక్కటే. ఒకరు బాణీ, ఒకరు మాట. చూసి ముచ్చటపడి స్నేహితులకు పంపాను కూడా. జనవరి 8న ఇంగ్లీష్ విభాగంలో ఎల్విస్ ప్రెస్లీ (1935), డేవిడ్ బౌవీ (1947) ఇద్దరినీ ఒకే కార్డులో పెట్టారు. వాళ్లకి కుదిరిన సిస్టమ్ తెలుగుకి ఎందుకు కుదరదు? తెలుగు విభాగానికి పాత పాటలు తెలిసిన మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఈ ప్రశ్నకి మీ నుంచి సూటి జవాబు కావాలి.

ఎక్కువమంది విన్నవారు అన్నారు కదా, ఆ లెక్క కూడా చూద్దాం. చక్రవర్తి గారి పాటలు వింటున్నవాళ్లు తక్కువేం కాదు. ఆ వినడం ఆయన ఖాతాలో పడడం లేదు, అదీ సంగతి. పాట మీద ఆయన పేరు లేకపోతే ఎన్నిసార్లు మోగినా మీ లెక్కలో ఆయనకి సున్నాయే. గాయకులకి ఈ ఇబ్బంది లేదు, హీరోకి అసలే లేదు. నష్టపోతున్నది బాణీ కట్టినవాళ్లూ, పాట రాసినవాళ్లే.

భూపేన్ హజారికా గారి విషయంలో మీకు ఈ సాకు కూడా లేదు. ఆయన పేజీ మీ దగ్గర శుభ్రంగా ఉంది, పుట్టిన తేదీ ఉంది, ఫొటో ఉంది. 2019లో భారతరత్న ప్రకటించిన మనిషి. పైగా రుదాలి (1993)లో ఆయన సంగీతంలో ఆశా గారు పాడారు. ఒకే రోజు పుట్టిన ఇద్దరూ కలిసి చేసిన పాట మీ కేటలాగ్‌లోనే పడి ఉంటే, ఆ రోజు దాన్ని పైకి తీయాలని ఎవరికీ తోచలేదా?

ఇంకో ముఖ్యమైన విషయం. ప్రీమియం తీసుకోమని మీరు వేసిన ప్రకటనలో "ప్రతి పాటకీ పూర్తి క్రెడిట్స్" అని ఉంది. దాన్ని చూసే డబ్బు కట్టాను. మా ట్రూపులో కొత్తగా చేరిన పిల్లలకి ఫలానా పాట ఫలానా వారిదని చూపించడానికి పనికొస్తుందనుకున్నాను. అమ్మిన సదుపాయం ఇవ్వకపోవడం సేవా లోపం. కాపీరైట్ చట్టం లెక్కలో సంగీతానికి కర్త అంటే దాన్ని కూర్చిన స్వరకర్తే. ఇది నాదని చెప్పుకునే హక్కు ఆ కర్తకి సెక్షన్ 57 ఇచ్చింది. చక్రవర్తి గారు 2002 ఫిబ్రవరి 3న వెళ్లిపోయారు. ఆయన వచ్చి అడగలేరు కాబట్టి ఆయన పాటలు వాయించి బతుకుతున్న నేను అడుగుతున్నాను.

చక్రవర్తి గారికి విడిగా పేజీ పెట్టండి. సరైన ఫొటో, 8 సెప్టెంబర్ 1936 అన్న తేదీ వేయండి. మిగతా చక్రవర్తుల పాటలు వాళ్ల వాళ్ల పేజీలకి పంపండి, వాళ్లకీ అన్యాయం జరగకూడదు. ఆయన సినిమాలన్నిటికీ సంగీతం అన్నచోట ఆయన పేరు నింపండి. పాత రికార్డు కవర్ల మీద, సినిమా టైటిల్స్‌లో అన్నీ ఉన్నాయి, కొత్తగా పరిశోధన చేయక్కర్లేదు. పాట రాసినవాళ్ల పేర్లూ అప్పుడే చేర్చండి. వచ్చే సెప్టెంబర్ 8న ముగ్గురినీ ఒకే కార్డులో పెట్టండి.

నెల రోజుల్లోగా ఏం చేశారో రాతపూర్వకంగా తెలియజేయండి. ఈసారి జవాబు తెలుగు కేటలాగ్ చూసేవారి నుంచి రావాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను. స్క్రీన్‌షాట్లు, మీ ప్రకటన కాపీ, చందా రసీదు, మీ కస్టమర్ కేర్ జవాబు ఈ లేఖతో జతచేస్తున్నాను. మా ఆర్కెస్ట్రాలో మేం వాయించే చక్రవర్తి గారి పాటల జాబితా కూడా సినిమా పేరు, సంవత్సరం, రాసినవారు, పాడినవారితో సహా పెట్టాను. మీవాళ్లు పని మొదలుపెట్టడానికి అది సరిపోతుంది.

భవదీయుడు,
మీ ప్రీమియం చందాదారుడు,
గుంటూరు