ఎర్రతోక షార్కు పక్కన ఏ చేపలు వెయ్యాలి

బ్యాంకాక్

చిరంజీవి చిన్నాకి అక్క ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. ఫిల్టరు గొట్టం వెనక మూలలో రెక్కలు ఒంటికి అంటించుకుని, కిందికి దిగకుండా నిలబడిపోయిన ఆ రెండు కోరీ క్యాట్‌ఫిష్‌లకి జబ్బేమీ లేదురా. నీ ఎర్రతోక షార్కు తరుముతుంటే భయపడి ఉన్నాయి. షాపువాళ్లిచ్చిన నీలం మందు వెయ్యకు. ఈ ఉత్తరం అందిన రోజే వాటిని పాత రెండడుగుల ట్యాంకులోకి మార్చెయ్. మిగతాదంతా తర్వాత చూసుకోవచ్చు.

షార్కు అనే పేరు పక్కన పెట్టు. ఎర్రతోక షార్కు మన శీలావతికి చుట్టం, కార్పు కుటుంబంలోదే. 1931లో హ్యూ మెకార్మిక్ స్మిత్ దీన్ని మొదట వర్ణించినప్పుడు శీలావతి ఉన్న లేబియో ప్రజాతిలోనే చేర్చాడు. పుట్టిల్లు థాయిలాండ్, చావోప్రయా నది పరీవాహకం. 1996లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) వాళ్లు ఇది నదుల్లో అంతరించిపోయిందనే రాశారు. తర్వాత ఒకచోట దొరికింది గానీ ఇప్పటికీ తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతే. షాపుల్లో దొరికేవన్నీ ఫారాల్లో హార్మోన్ ఇంజక్షన్లతో గుడ్లు పెట్టించి పెంచినవి.

దాని నోరు ఒకసారి దగ్గరగా చూడు. తల అడుగున, కిందికి తిరిగి ఉంటుంది. అది చేపల్ని పట్టి మింగే నోరు కాదు, రాళ్ల మీద పాచినీ అందులో పురుగుల్నీ గీక్కుని తినే నోరు. పాచి ఉన్న రాయే దాని పొలం. ఆ పొలంలోకి ఎవరొచ్చినా ఊరుకోదు. అదే మేత తినేవి, అదే నేల మీద తిరిగేవి, తనలాగే పొడుగ్గా సన్నగా ఉండేవి, ఎర్ర రెక్కలున్నవి, వీటిని ముందు తరుముతుంది. కొరికి చంపడం అరుదు. రోజంతా తరుముతుంటే అవతలి చేప మేత తినదు, నిద్రపోదు, చిరిగిన రెక్కలకి బూజు పడుతుంది, లేదా మూత సందులోంచి బయటికి దూకుతుంది. పొద్దున లేచి చూస్తే ఒంటి మీద గాయం కనపడదు, చేప మాత్రం చచ్చి ఉంటుంది. అందుకే చాలామంది నీళ్లలో తేడా అనుకుని మందుల మీద మందులు పోస్తారు.

"షాపులో ముప్పై పిల్లలు ఒకే ట్యాంకులో కలిసే ఉన్నాయి కదా" అన్నావు. అవి అంగుళంన్నర పిల్లలు, పైగా కిక్కిరిసి ఉన్నాయి. అంత గుంపులో ఏ ఒక్కదానికీ తనదంటూ చోటు ఏర్పడదు. మూడంగుళాలు దాటాక, ఒక రాయి తనదని తేల్చుకున్నాక అసలు గుణం బయటపడుతుంది. పూర్తిగా ఎదిగితే ఐదారు అంగుళాలు. కాబట్టి తోడు చేపల్ని ఇవాళ్టి పిల్లని చూసి కాకుండా రేపటి పెద్దదాన్ని చూసి ఎంచుకోవాలి.

"ఒంటరిగా ఉంది, ఇంకో షార్కు తేనా" అని అడిగావు చూడు, అది మాత్రం వద్దు. ఇది తోడు కోరుకునే చేప కాదు. రెండు వేస్తే బలమైనది రెండోదాన్ని వారాల్లో చంపేస్తుంది. మూడు వేస్తే చివరిది ఇద్దరి చేతా తన్నులు తింటుంది. ఆరడుగులు దాటిన ట్యాంకులో ఐదారిని ఒకేసారి వేసి కోపం అందరి మీదా పంచేవాళ్లున్నారు గానీ నీ నాలుగడుగుల ట్యాంకులో ఆ పని చెయ్యకు. రెయిన్‌బో షార్కు కూడా అంతే, ఇదీ అదీ ఒకే ప్రజాతి. దానికి రెక్కలన్నీ ఎర్రగా ఉంటాయి, దీనికి తోక ఒక్కటే. తెల్లగా ఉండే ఆల్బినో రెయిన్‌బోని వేరే జాతని అమ్ముతారు, నమ్మకు. ఫ్లయింగ్ ఫాక్స్, సయామీస్ ఆల్గే ఈటర్, చైనీస్ ఆల్గే ఈటర్ ఆకారంలోనూ మేతలోనూ దీనికి పోటీ, అవీ వద్దు.

మన షాపుల్లో "షార్కు" అంటూ ఇచ్చే వెండిరంగు పిల్లలు చాలావరకు పంగాసియస్. మన జిల్లాల్లో చెరువుల్లో తిండికి పెంచుతారే, అదే. అది మీటరు దాటి పెరిగే చేప, ఏ ఇంటి ట్యాంకూ చాలదు. బాలా షార్కు కూడా అడుగు దాటుతుంది.

అద్దాలు నాకడానికి సక్కర్ క్యాట్‌ఫిష్ వేద్దామనుకుంటున్నావేమో, అదీ వద్దు. అడుగు దాటి పెరుగుతుంది, తిన్నంత మలం వేస్తుంది, రాత్రి షార్కు గుహలోకే దూరుతుంది. పెద్దదయ్యాక చెరువులో వదిలేస్తారు, అది ఇంకా పాపం. మన రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దాన్నే. గోల్డ్‌ఫిష్ నిదానం, చల్లటి నీళ్ల చేప, ఇక్కడ నలిగిపోతుంది. గప్పీలు, ఏంజెల్ చేపలు, బెట్టా లాంటి పొడుగు రెక్కలవి పనికిరావు. కోరీలు, కూలీ లోచులనే పాముల్లాంటి సన్న చేపలు ఎలాగూ నేల మీద తిరిగేవే, అవీ వద్దు.

మరి ఏం వెయ్యొచ్చు? నేల షార్కుకి వదిలెయ్. నడిమి నీళ్లూ పై నీళ్లూ నింపు. వేసేవి దానికన్నా వేగంగా ఈదాలి, గుంపుగా తిరగాలి, ఎదిగాక కనీసం రెండంగుళాలైనా ఉండాలి. నీ ట్యాంకు 4 అడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. పైన మూడంగుళాలు వదిలి, ఇసకా రాళ్లూ పోను నికరంగా 200 లీటర్లు అనుకో. దానికి నేను చెప్పే లెక్క ఒక షార్కు, 10 టైగర్ బార్బులు, 6 జెయింట్ డానియోలు. అంతే, ఇంకొక్కటి కూడా వద్దు.

టైగర్ బార్బులు నడిమి నీళ్లలో తిరుగుతాయి, వాటికీ పొగరే. ఎనిమిదికి తగ్గితే పక్క చేపల రెక్కలు కొరుకుతాయి, పది ఉంటే ఆ కొట్లాటంతా వాటిలో వాటికే సరిపోతుంది. డానియోలు పై నీళ్లలో ఒక్కక్షణం ఆగవు. ఇవి దక్షిణ భారతం వాగుల చేపలే, గట్టివి, నాలుగంగుళాల దాకా వస్తాయి. గుంపు వల్ల లాభమేమిటంటే, షార్కు ఒకదాన్ని తరమబోతే అది గుంపులో కలిసిపోతుంది, ఏది ఏదో తేలక వెనక్కి వస్తుంది. ఒంటరి చేపైతే రోజంతా అదొక్కటే గురి. అందుకని ఏ జాతినీ ఒకటీ రెండూ తేవద్దు.

డబ్బు పెట్టగలిగితే టైగర్ బార్బుల బదులు 6 బోస్‌మనీ రెయిన్‌బోలు వెయ్యి. నీళ్లు కొంచెం కఠినంగా, పీహెచ్ 7 దాటి ఉన్నా వాటికి ఇష్టమే, కాబట్టి మన బోరు నీళ్లకి సరిపోతాయి. షార్కుకి 6.5 నుంచి 7.5 మధ్య బాగుంటుంది. రోజీ బార్బులైనా పర్లేదు గానీ మగవాటికి ఎరుపెక్కుతుంది, అందుకే నా లెక్కలో అవి చివర. నేల మీద ఇంకొకటి కావాల్సిందే అంటే బ్రిసిల్‌నోస్ ప్లెకో అనే చిన్నరకం సక్కర్ చేప ఒకే ఒక్కటి, అదీ అవతలి కొసన దానికి వేరే గుహ ఉంటేనే. ఒంటి నిండా కవచం, నాలుగైదు అంగుళాలకి మించదు. అయినా మొదటి ఆర్నెల్లు వద్దనే నా మాట.

చేపల కన్నా ముందు రాళ్లు సర్దు. ఇప్పుడు నీ ట్యాంకు మైదానంలా ఉంది. షార్కు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడగలుగుతోంది, చూసినంత మేరా తనదే అనుకుంటోంది. కుడి కొసన దానికి ఒక గుహ కట్టు. రంగు పుయ్యని మట్టి కుండీని పక్కకి పడుకోబెట్టి, నోరు పక్క అద్దం వైపు తిప్పి, సగం ఇసకలో దించు. రెండు మూడంగుళాల నోరు చాలు. ట్యాంకు నడుమ నల్లరాళ్లతో, డ్రిఫ్ట్‌వుడ్‌తో (ట్యాంకుల్లో పెట్టే ఎండు మాను ముక్క) ఎనిమిది పది అంగుళాల ఎత్తు అడ్డుగోడ పేర్చు. రాళ్లు ఇసక మీద కాకుండా అడుగు అద్దం మీదే, సన్నటి థర్మకోల్ ముక్క వేసి కూర్చోవాలి. లేకపోతే షార్కు కింద తవ్వినప్పుడు రాయి ఒరిగి అద్దం పగులుతుంది. డ్రిఫ్ట్‌వుడ్‌కి జావా ఫెర్న్, అనూబియాస్ అనే నీటి మొక్కలు దారంతో కట్టు. వాటికి అడ్డంగా పాకే లావు కాండం ఉంటుంది, దాన్ని ఇసకలో పాతకు, కుళ్లుతుంది. ఎడమ వైపు కూడా రెండు చిన్న గుహలు ఉంచు, తరిమించుకున్నవాటికి తలదాచుకునే చోటు.

వరస ముఖ్యం. షార్కు ఎప్పుడూ చివర రావాలి. నీ ఇంట్లో అది ముందే ఉంది కాబట్టి ఇలా చెయ్: కొత్త చేపలన్నీ ఒకేసారి కొని, ఆ పాత ట్యాంకులో మూడు వారాలు విడిగా ఉంచి తెల్లచుక్కల జబ్బు లేదని తేల్చుకో. కోరీలని అంతకుముందే షాపుకి తిరిగిచ్చెయ్. వేసే రోజుకి నాలుగు రోజుల ముందు షార్కుని మూత ఉన్న 40 లీటర్ల టబ్బులోకి, స్పాంజ్ ఫిల్టరు పెట్టి మార్చు. ఆ నాలుగు రోజుల్లో రాళ్లన్నీ కొత్తగా సర్దు. పాత గుర్తులు ఒక్కటీ మిగలకూడదు. తర్వాత కొత్తవాటిని వదిలి, రెండు రోజులు అవి చోటు చూసుకోనిచ్చి, రాత్రి లైటు ఆర్పాక షార్కుని వదులు. ఇప్పుడు కొత్తగా వచ్చింది అదే అవుతుంది.

మేత సరిగా పెడితే సగం తగాదా పోతుంది. పైన తేలే గుళికలు ఎడమ వైపు బార్బులకి వెయ్. అవి తింటుండగానే కుడి వైపు గుహ ముందు స్పిరులినా పాచి ఉన్న మునిగే గుళిక ఒకటి షార్కుకి జార్చు. వారానికి రెండుసార్లు వేడినీళ్లలో నిమిషం ఉంచిన కీర దోసకాయ ముక్కో పాలకూర ఆకో రాయికి కట్టి వెయ్. మిగిలింది పొద్దున్నే తీసెయ్. ఆకలిగా ఉన్న షార్కు రెట్టింపు తరుముతుంది.

గంటకి వెయ్యి లీటర్లు తిప్పే ఫిల్టరు కావాలి, నీది 600 అని రాశావు, అది చాలదు. వారానికి 50 లీటర్లు మార్చు. మున్సిపల్ నీళ్లైతే యాంటీక్లోరిన్ తప్పనిసరి. ఎండాకాలం మన రాజమండ్రిలో గది నీళ్లే 32 డిగ్రీలు దాటతాయి, ఈ చేపకి 24 నుంచి 26 మేలు. నీళ్లు వేడెక్కే కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలకి కావలసింది మాత్రం పెరుగుతుంది. ఆ రోజుల్లో ఎయిర్ పంపు రాత్రీపగలూ నడవాలి. మూతకి బదులు సన్నటి వల బిగించి, నీళ్ల మీదకి చిన్న ఫ్యాను తిప్పు. మూత తీసి మాత్రం వదలకు, షార్కూ డానియోలూ రెండూ దూకేవే.

రెండు వారాలు చూడు. గుహ దగ్గరికి వచ్చినదాన్ని అడుగు దూరం తరిమి వెనక్కి తిరిగితే అది మామూలే. పై నీళ్ల దాకా వెంటపడి, అదే చేపని మళ్లీ మళ్లీ పట్టుకుంటుంటే ప్రమాదం. తరిమించుకున్న చేప రంగు వెలిసి, మేత వేళకి రాకపోతే ఆగకు, షార్కునే వారం పాటు టబ్బులో పెట్టి, రాళ్లు మళ్లీ సర్ది వెనక్కి వెయ్. అప్పటికీ మారకపోతే ఆ షార్కుని ఒంటరిగా పెంచుకో, లేదా ఇచ్చెయ్. కొన్ని అంతే. షార్కు నలుపు బూడిదరంగుకి తిరిగి, తోక ఎరుపు వెలిసిపోతే మాత్రం తప్పు దానిది కాదు, ముందు అమ్మోనియా, నైట్రైట్ కొలు, మలం వల్లా మిగిలిన మేత వల్లా నీళ్లలో చేరే విషాలవి. రెండూ సున్నా ఉండాలి. అది గుహలో పక్కకి ఒరిగి పడుకుంటే కంగారుపడకు, దాని అలవాటే.

చేపలు కొనేముందు నీ నీళ్ల పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్ కొలిచి నాకు పంపు. రాళ్లు సర్దాక ట్యాంకు ఎదర నుంచి ఒకటి, కుడి పక్క నుంచి ఒకటి ఫొటోలు తియ్. అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు. మరదలికీ పిల్లలకీ ఆశీస్సులు. చిన్నదాన్ని అద్దం మీద తట్టనివ్వకు, చేపలు అదురుతాయి.

ఇట్లు,
మీ అక్క