శీనూ, నువ్వడిగిన ఆ హోటల్ కథ

ఆదివారం, మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

ముందు సారీ చెప్పేస్తున్నా. నువ్వు ఎప్పుడో అడిగావు, నేను ఇప్పుడు రాస్తున్నాను. కాలేజీలో ఇంటర్నల్స్, పేపర్లు దిద్దడం, ఆ తర్వాత కోతలు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పేసే సంగతి కాదని తెలిశాక ఇక ఉత్తరమే రాయాలనుకున్నాను. ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా: అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చిన్నదానికి టెన్త్ రిజల్ట్ టెన్షన్, మీ ఇంటికి వెళ్ళొచ్చాను, వదినా పిల్లలూ బాగున్నారు, మీ బోరులో నీళ్ళు పడ్డాయి. వదిన నీకు చెప్పమన్నది ఒక్కటే, సైరన్ మోగితే నువ్వు అక్కడ ఇజ్రాయెల్‌లో చూసుకుంటున్న ఆ తాతను తీసుకుని తిన్నగా షెల్టర్‌కి వెళ్ళు, వీడియోలు తీస్తూ నిలబడకు.

ఇక అసలు సంగతి.

ఆ తాతను ఇజ్రాయెల్ దక్షిణ కొసన ఉన్న ఎలాట్ తీసుకెళ్ళినప్పుడు నువ్వు పంపిన ఫొటో ఉంది చూడు. నీలం నీళ్ళు, వెనక ఎర్రటి కొండలు, సరిహద్దుకి అవతల, ఈజిప్టులోని తాబాలో, ఆ పెద్ద హోటల్. తాత దాన్ని చూపించి, "ఇది ఒకప్పుడు మాది, యుద్ధం లేకుండా ఇచ్చేశాం" అన్నాడని చెప్పావు. "అదెట్లరా? వీళ్ళు ఊరికే ఇస్తారా?" అని అడిగావు. ఇన్నేళ్ళుగా అంతర్జాతీయ న్యాయం పాఠం చెబుతున్నా, తాబా కేసుని రెండు వాక్యాల్లో దాటేసేవాణ్ణి. నువ్వడిగాక ఆ తీర్పు మొత్తం తీసి చదివాను. వంద పేజీలు దాటింది. చదువుతుంటే నిద్ర పట్టలేదు శీనూ, నిజం.

కథ 1906లో మొదలవుతుంది. అప్పుడు ఈజిప్టులో పెత్తనం బ్రిటిష్ వాళ్ళది, అవతలి పక్క తుర్కుల ఒట్టోమన్ రాజ్యం. తుర్కు సైన్యం వచ్చి తాబాలో కూర్చుంది. బ్రిటన్ గడువు పెట్టి హెచ్చరించింది, సుల్తాన్ వెనక్కి తగ్గాడు. ఆ ఏడాది అక్టోబర్ 1న రఫాలో ఒప్పందం రాసుకున్నారు. రఫా నుంచి అకాబా సింధుశాఖ దాకా ఎడారి మీదుగా ఒక గీత. ముందు టెలిగ్రాఫ్ స్తంభాలు పాతారు, తర్వాత వాటి స్థానంలో రాళ్ళతో కట్టిన స్తంభాలు నిలబెట్టారు. వాటిలో చిట్టచివరిది, సముద్రం వైపు కొండ అంచున ఉన్నది, 91వ నంబరు. ఈ నంబరు గుర్తుపెట్టుకో, కథంతా దాని చుట్టూనే.

ఇక తిన్నగా 1979కి వస్తా. మార్చి 26న ఈజిప్టు, ఇజ్రాయెల్ శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. 1967 యుద్ధంలో పట్టుకున్న ఈజిప్టు ఎడారి సినాయ్ అంతా ఇజ్రాయెల్ తిరిగి ఇవ్వాలి, 1982 ఏప్రిల్ 25 ఆఖరు రోజు. అరవై వేల చదరపు కిలోమీటర్ల ఎడారి ఇచ్చేశారు, సుమారు ఒక చదరపు కిలోమీటరు దగ్గర ఆగిపోయారు. అదే తాబా. ఒక బీచి, ఒక విడిది గ్రామం, కట్టడం ఇంకా పూర్తికాని ఆ హోటలు. గొడవ తేలేదాకా కొత్త కట్టడాలు వద్దని రాసుకున్నారు. హోటల్ మాత్రం పూర్తయి ఆ ఏడాదే తెరుచుకుంది. ఈజిప్టుకి ఎంత మండి ఉంటుందో చూడు! అసలే ఆ సెప్టెంబర్‌లో లెబనాన్‌లో సబ్రా, షతీలా పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో జరిగిన ఊచకోత తర్వాత ఈజిప్టు ఇజ్రాయెల్‌లోని తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది.

ఒప్పందంలో ఏడో అధికరణం ఒకటుంది. తగాదా వస్తే ముందు మాట్లాడుకోవాలి, తేలకపోతే రాజీకి గానీ మధ్యవర్తుల తీర్పుకి గానీ వెళ్ళాలి అని. ఈజిప్టు తీర్పు కావాలంది. ఇజ్రాయెల్‌లో అప్పుడు రెండు పార్టీల ఉమ్మడి ప్రభుత్వం. ఒక పార్టీ నాయకుడు, అప్పటి ప్రధాని పెరెస్ తీర్పుకి సై అన్నాడు, రెండో పార్టీ నాయకుడు షమీర్ వాళ్ళు రాజీయే కావాలన్నారు. ఎందుకంటే రాజీలో ఇష్టం లేకపోతే లేచి వచ్చేయొచ్చు, తీర్పులో అలా కుదరదు. చివరికి 1986 జనవరిలో కేబినెట్ ఒప్పుకుంది, సెప్టెంబర్ 11న పత్రం మీద సంతకాలయ్యాయి. మనం హాస్టల్లో రాసుకున్న రెండో ఇడ్లీ ఒప్పందం గుర్తొచ్చింది. దాన్ని కూడా ఒక్క మాట పొల్లు పోకుండా రాయించింది నువ్వే కదా!

ఆ పత్రాన్ని క్లాసులో బోర్డు మీద పెట్టి చూపించాలనిపించింది. ఎంత ఒడుపుగా రాశారంటే, తాబా ఎవరిది అని అడగనే లేదు. చరిత్ర ఎవరి పక్షం, ధర్మం ఎవరి పక్షం, అవేవీ లేవు. అడిగింది ఒకే ప్రశ్న: తగాదాలో ఉన్న ఈ పద్నాలుగు స్తంభాలు పాలస్తీనాని బ్రిటిష్ వాళ్ళు పాలించిన మాండేట్ కాలంలో, అంటే 1923 నుంచి 1948 దాకా, నేల మీద ఎక్కడ నిలబడి ఉన్నాయి? అంతే. పైగా మధ్యవర్తులు మూడో చోటు చూపించడానికి వీల్లేదు. ఈజిప్టు చెప్పిన చోటో, ఇజ్రాయెల్ చెప్పిన చోటో, రెండిట్లో ఒకటి ఎంచాలి. సగం నీకు, సగం నాకు అనే పంచాయితీకి తలుపు ముందే మూసేశారు.

కూర్చున్నది ఐదుగురు. ఈజిప్టు నుంచి హమీద్ సుల్తాన్, ఇజ్రాయెల్ నుంచి రూత్ లపిదోత్, ఫ్రాన్స్ నుంచి పియర్ బెలే, స్విట్జర్లాండ్ నుంచి డీట్రిష్ షిండ్లర్. అధ్యక్షుడు స్వీడన్ జడ్జి గున్నార్ లాగర్‌గ్రెన్. ఈ చివరి పేరు మనసులో పెట్టుకో, దీని గురించి చెప్పకపోతే నాకు అన్నం సహించదు, కానీ ముందు స్తంభం సంగతి.

91వ స్తంభం అక్కడ లేదురా! 1967 తర్వాత అక్కడ రోడ్డు కోసం కొండ అంచుని కోసేశారు. స్తంభమే కాదు, అది నిలబడిన నేల కూడా పోయింది. ఇక ఎక్కడ ఉండేదని ఎలా తేల్చాలి? ఇక్కడే ఒక ఫొటో వస్తుంది. 1906లో స్తంభాలు నిలబెట్టిన రోజుల నాటిది. సినాయ్ వ్యవహారాలు చూసే బ్రిటిష్ అధికారి పార్కర్ అందులో స్తంభం పక్కన నిలబడి ఉంటాడు. అందుకే తీర్పులో దాన్ని పార్కర్ స్తంభం అంటారు. ఆ ఫొటోలో కొండల గీతని, నేల మీద కొండల గీతని పోల్చి చూశారు. పాత మ్యాపులు, సర్వేలు, ఇస్తాంబుల్, లండన్ దస్తావేజులు తిరగేశారు. 1967కి ముందు ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో ఆ సరిహద్దున గస్తీ తిరిగిన యుగోస్లావియా వాళ్ళని ఈజిప్టు సాక్షులుగా తెచ్చింది. ఎక్కడో బాల్కన్ దేశం నుంచి వచ్చి, ఎడారిలో డ్యూటీ చేసి ఇంటికెళ్ళిపోయిన మనుషులు, ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చి ఇదిగో స్తంభం ఇక్కడ ఉండేది అని చెప్పడం! 1988 ఫిబ్రవరిలో మధ్యవర్తులే స్వయంగా వెళ్ళి ఆ కొండలు చూశారు.

ఇజ్రాయెల్ వాదన కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదు. 1906 ఒప్పందంలో ఒక స్తంభం దగ్గర నిలబడితే పక్క స్తంభం కనబడాలి అని రాసి ఉంది. పార్కర్ స్తంభం ఉన్నచోటు నుంచి చూస్తే అలా కనబడదు కాబట్టి అది అసలు సరిహద్దు స్తంభమే కాదు, కావాలంటే ఆ గ్రానైట్ గుట్ట దగ్గరో, తాబా బావి దగ్గరో చూడండి అన్నారు. లపిదోత్ విడిగా రాసిన అసమ్మతి తీర్పులో ఈ పాయింటు గట్టిగా పట్టుకుంది. చాలా బాగా రాసింది, చదువుతుంటే కాసేపు నేనూ అటు మొగ్గాను.

కానీ మిగతా నలుగురు ఏమన్నారంటే: రెండు పక్షాలూ కలిసి నేల మీద హద్దు నాటి, అంత కాలం దాన్నే హద్దుగా ఒప్పుకుని బతికాక, కాగితంలో రాసినదానికి అది కాస్త అటూ ఇటూ ఉన్నా సరే, నేల మీద ఉన్నదే హద్దు. ఇది చదవగానే నాకు మన ఊరి పొలాలు గుర్తొచ్చాయి. నక్షాలో గీత ఎలా ఉన్నా, తాతల నాటి నుంచి ఇద్దరూ ఒప్పుకుని దున్నుకున్న గట్టు మీది హద్దురాయిని ఎవరు కదిలించగలరు? మీ నాన్న సర్వేయర్‌తో అదే కదా వాదించింది, కోర్టు మెట్లెక్కకుండా!

1988 సెప్టెంబర్ 29న జెనీవాలో తీర్పు. మిగతా స్తంభాల్లో కొన్ని ఇజ్రాయెల్ చెప్పిన చోట, ఎక్కువ ఈజిప్టు చెప్పిన చోట. 91 మాత్రం ఈజిప్టుది, నాలుగు ఒకటితో. ఇజ్రాయెల్‌లో ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయి, ప్రధాని ఎవరనుకున్నావు, తీర్పు వద్దన్న షమీరే. అయినా ఒప్పుకున్నారు. 91 నుంచి నీటి అంచు దాకా గీత ఎలా వెళ్ళాలో చెప్పే అధికారం మాకు లేదని మధ్యవర్తులు వదిలేశారు కాబట్టి ఆ చివరి జానెడు కోసం మళ్ళీ నెలల తరబడి బేరాలు సాగాయి. హోటల్‌కి ధర కట్టి ఈజిప్టు తీసుకుంది, ఇజ్రాయెల్ వాళ్ళు వీసా లేకుండా వచ్చిపోయే వీలు పెట్టారు. 1989 మార్చి 15న అప్పగించారు, 19న ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ వచ్చి జెండా ఎగరేశాడు. మీ తాత చెప్పింది అక్షరాలా నిజం, ఒక్క తూటా పేలలేదు.

(మబ్బు పడుతోంది, వాకిట్లో వడ్లు ఆరబోసి ఉన్నాయి, కాస్త తొందరగా రాస్తా.)

ఇప్పుడు ఆ స్వీడన్ ఆయన. లాగర్‌గ్రెన్ పేరు నేను ఎక్కడో చూశాననిపించి నా పాత నోట్సు వెతికాను. రాన్ ఆఫ్ కచ్! 1965 ఏప్రిల్‌లో కచ్‌లో మనకీ పాకిస్తాన్‌కీ జరిగిన కాల్పుల తర్వాత, జూన్ 30న బ్రిటన్ మధ్యలో ఉండి రాయించిన ఒప్పందం ప్రకారం వేసిన ట్రిబ్యునల్‌కి అధ్యక్షుడు ఈయనే! చూడు, ఆ ఒప్పందం రాసుకున్న రెండు నెలలకే పూర్తి స్థాయి యుద్ధం వచ్చింది, అయినా కేసు ఆగలేదు. 1968 ఫిబ్రవరి 19న తీర్పు. పాకిస్తాన్ అడిగిన దాంట్లో సుమారు పదో వంతు దానికి, మిగతాది మనకి. పార్లమెంటులో అల్లరల్లరయింది, కచ్‌లో సత్యాగ్రహాలు, ఆపై మగన్‌భాయ్ పటేల్ కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. తీర్పు అమలుకి రాజ్యాంగ సవరణ అక్కర్లేదని 1969లో కోర్టు చెప్పింది. ఇందిర ప్రభుత్వం మాట నిలబెట్టుకుంది. మగన్‌భాయ్ కేసు మన ఇద్దరం పరీక్షకి బట్టీ పట్టాం, గుర్తుందా, టెర్రస్ మీద, నువ్వు "పటేల్ గారూ!" అని అరిచేవాడివి. అదే మనిషి ఇరవై ఏళ్ళ తర్వాత సినాయ్‌లో రాళ్ళు లెక్కపెట్టాడురా! ఇంకోటి, ఈజిప్టు తరఫున ఆ కేసు నడిపిన నబీల్ ఎల్ అరబీ దానికి ముందు ఢిల్లీలో వాళ్ళ రాయబారిగా పనిచేశాడు.

ఆ ఎల్ అరబీయే తర్వాత హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం జడ్జి అయ్యాడు. 2004లో పాలస్తీనా ప్రాంతమైన వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన గోడ విషయం వచ్చినప్పుడు ఆయన కూర్చోకూడదని ఇజ్రాయెల్ అభ్యంతరం పెట్టింది, కోర్టు ఒప్పుకోలేదు. జూలై 9న పద్నాలుగు ఒకటితో గోడ చట్టవిరుద్ధం అని చెప్పారు. ఇరవై ఏళ్ళ తర్వాత 2024 జూలైలో, ఆక్రమిత ప్రాంతంలో ఇజ్రాయెల్ ఉండటమే చట్టవిరుద్ధమన్నారు. గోడ ఇంకా ఉంది. నీకు ఆ గోడ నా కన్నా బాగా తెలుసు.

అక్కడే నా మనసు ఆగిపోతోంది. తాబాలో ఇద్దరూ ముందే సంతకం పెట్టారు, ఏమొచ్చినా కట్టుబడతామని. హేగ్‌ది సలహా, అందులో ఇజ్రాయెల్ సంతకం లేదు. అందుకే అది అమలు కాలేదని పిల్లలకు చెప్పేస్తాం, కానీ సంతకం లేనంత మాత్రాన న్యాయం తక్కువవుతుందా? పాలస్తీనా వాళ్ళు ఎవరితో కలిసి హద్దురాళ్ళు నాటాలి? వాళ్ళకి 1906 నాటి ఫొటో ఎక్కడుంది? దీని మీద నాకు చాలా చెప్పాలని ఉంది. తాబాలోనే 2004 అక్టోబర్‌లో ఆ హోటల్ మీద బాంబు దాడి జరిగి ఎందరో చనిపోయారు, అక్కడికి సెలవులకి వెళ్ళిన ఇజ్రాయెల్ వాళ్ళూ, అక్కడ పనిచేసే ఈజిప్టు వాళ్ళూ. అయినా ఆ సరిహద్దు గీత కదల్లేదు. ఎందుకు కదల్లేదో నువ్వు తాతని అడుగు. 1989లో ఆయన ఏమనుకున్నాడు, కోపం వచ్చిందా, మంచిదే అనుకున్నాడా? అది ఏ తీర్పులోనూ దొరకదు, నాకు అదే కావాలి. అడిగి రాయి, ఆయన మాటల్లోనే రాయి.

ఇంకా లెబనాన్ సరిహద్దులో తగాదాలో ఉన్న షెబా పొలాల సంగతి, 2022లో లెబనాన్‌తో సముద్రం మీద గీసుకున్న గీత సంగతి రాద్దామనుకున్నా, ఆ రెండో దాంట్లో అయితే రెండు దేశాలూ ఒకే కాగితం మీద సంతకం కూడా

చినుకులు మొదలయ్యాయిరా, అమ్మ అరుస్తోంది, టార్పాలిన్లు కప్పాలి. ఇది ఇలాగే పంపేస్తున్నా.

నీ
రవి