ఒరేయ్ శీనూ, మసిగుడ్డ సంగతి విను

ఒరేయ్ శీనూ,

ఫోన్ ఎత్తలేదని కోపంగా ఉన్నావని తెలుసు, అందుకే ఇంత రాస్తున్నా, తిట్టుకుంటూనే చదువు. మొన్న "వైజాగ్‌లో ఉన్నోళ్లకేంట్రా, సముద్రం గాలి ఫ్రీ" అని మెసేజ్ పెట్టావు చూడు, సరిగ్గా అప్పుడు నా చేతిలో మసిగుడ్డ ఉంది. పోర్టు పక్కన మా జ్ఞానాపురంలో పొద్దున తుడిచిన పిట్టగోడ సాయంత్రానికి మళ్లీ నల్లగానే ఉంటోంది. అది ఎక్కడి దుమ్మురా అంటే పోర్టు వాళ్లూ, ఫ్యాక్టరీల వాళ్లూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి ఊరు మనది. చలికాలం రాత్రి గాలి ఆగిందంటే పొగ ఎటు పోతుంది చెప్పు?

అలాగని ఫ్యాక్టరీలు మూసేయమని నా నోట రాదు. మన నాన్నలిద్దరూ హార్బర్‌లో కళాసీలే కదా, ఆ కూలి డబ్బులతోనే నువ్వు ఇంజినీరింగ్ చదివావు (నేను చదవకుండా తిరిగాననుకో, అది వేరే కథ).

మన తమ్ముడు లా చదువుతున్నాడు కదా, వాడు చెప్పాడు. రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులోనే కలుషితం కాని నీళ్లు, గాలి కూడా ఉన్నాయని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అందిట. తమాషా ఏంటంటే, అంత మంచి మాట చెప్పి ఆ పిటిషన్‌ని మాత్రం కొట్టేశారు, కేసు వేసిన సుభాష్ కుమార్‌ది సొంత గొడవేనని! 2022 జూలై 28న ఐక్యరాజ్యసమితి కూడా ఆరోగ్యకరమైన పర్యావరణం మనిషి హక్కని తీర్మానించింది, 161 దేశాలు ఔనన్నాయి, మన దేశంతో సహా, 8 తటస్థంగా ఉన్నాయి, కాదన్నవాళ్లే లేరు. కాకపోతే తీర్మానం చట్టం కాదు, ఎవరినీ కట్టిపడేయదు.

నాకు పట్టుకున్నది వేరేరా. 2020 మే 7 గుర్తుందా? లాక్‌డౌన్‌లో వాడకుండా ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో ఉండిపోయిన స్టైరీన్, అదే ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం, వేడెక్కి ఆవిరై, తెల్లారకుండానే వెంకటాపురం మీద పడింది. పన్నెండు మంది పోయారు. గోపాలపట్నంలో మా పిన్ని వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని ఎటు పరిగెత్తాలో తెలీక రోడ్డు మీదికొచ్చారు. స్టైరీన్ అనే పేరే నేను ఆ పొద్దున టీవీలో మొదటిసారి విన్నాను. పీలుస్తున్నదేంటో తెలియనివాడికి హక్కు ఉండి ఏం చేసుకుంటాడు?

దేశం సుస్థిర అభివృద్ధిలో ముందుకెళ్తోందంటారు, నిజమే, కేంద్ర ప్రభుత్వ సంస్థ నీతి ఆయోగ్ లెక్కలో 2018లో నూటికి 57 ఉన్న మార్కు 2023-24కి 71 అయింది. అది చదువూ, గ్యాస్ పొయ్యీ, మరుగుదొడ్డీ అన్నీ కలిపేసిన మార్కు, అందులో మా పిట్టగోడ ఎక్కడ కనిపిస్తుంది? నేనడిగేది చిన్నది. కాన్వెంట్ జంక్షన్‌లో ఒక బోర్డు, ఈరోజు గాలిలో ఏముంది, సైరన్ మోగితే ఎటు పోవాలి అని, తెలుగులో. పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను, "సంబంధిత శాఖకు పంపించాం" అని జవాబొచ్చింది. ఆ శాఖ ఏదో రాయలేదు. మళ్లీ పెడుతున్నా, ఈసారి ప్రశ్నలు తమ్ముడు రాస్తాడు, నువ్వూ ఒకసారి చూసి పంపు.

సంక్రాంతికి వస్తావుగా. అమ్మ చెప్పమంది, తెల్ల చొక్కా తెచ్చుకోకు.

నీ,
రమణ