కాలిపోయిన ఆర్గన్ కథలో నా తప్పు దిద్దినవారికి కృతజ్ఞతలు

గత ఆదివారం గుంటూరులో మా లూథరన్ సంఘ గాయక బృందం ముందు నేను చేసిన ప్రసంగంలో ఒక పెద్ద తప్పు దొర్లకుండా కాపాడి, సభకు తోడ్పడిన ముగ్గురికి బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పుకోవడం నా విధి.

1705లో ఇరవయ్యేళ్ల జర్మన్ సంగీతకారుడు బాఖ్, పేరొందిన విద్వాంసుడు బుక్స్‌టెహూడే ఆర్గన్ (గాలితో గొట్టాలను పలికించే పెద్ద చర్చి వాద్యం) వాదన వినడానికి తాను పనిచేస్తున్న ఆర్న్‌ష్టాట్ ఊరి నుంచి దాదాపు 400 కిలోమీటర్లు నడిచి ఉత్తర జర్మనీలోని లూబెక్ వెళ్ళాడనీ, నాలుగు వారాల సెలవు పెట్టి నాలుగు నెలల దాకా తిరిగి రాలేదనీ పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న చాలామందికి తెలుసు. (మా బృందంలో సెలవు అడిగేవాళ్లకు ఈ కథ చెప్పకూడదేమో!) బుక్స్‌టెహూడే పనిచేసిన పరిశుద్ధ మరియ చర్చిలో 1477 నాటి 'మృత్యునృత్య ఆర్గన్' నేటికీ మోగుతోందని నేను ప్రసంగ ప్రతిలో రాసుకున్నాను.

జర్మనీలో చదువుకుంటున్న ఒక తెలుగు చెల్లెలు ఆ ప్రతి చదివి, అనుమానం వచ్చి, సెలవురోజున స్వయంగా లూబెక్ వెళ్ళి చూసింది. అక్కడ ఇప్పుడున్నది 1986లో కట్టినదనీ, పాతది 1942 మార్చి 28 రాత్రి, తెల్లవారితే మట్టల ఆదివారం అనగా, బ్రిటిష్ విమానాలు వేసిన బాంబుల మంటల్లో, తనకు ఆ పేరు తెచ్చిపెట్టిన, మృత్యువు మనుషులతో కలిసి నాట్యమాడే మృత్యునృత్య చిత్రంతో సహా కాలిపోయిందనీ తెలిపింది. ఆ రాత్రే గోపురం నుంచి పడి పగిలిన గంటలను నేటికీ పడినచోటనే ఉంచారు. ఆమె పంపిన ఆ గంటల ఫోటో చూశాక నా ప్రతిలో సగం కొట్టేశాను.

ఆమె ద్వారా పరిచయమైన అక్కడి వృద్ధ ఆర్గన్ విద్వాంసునికి నేను మరింత రుణపడి ఉన్నాను. పోయిన ఆర్గన్‌ను 1650లలో బాగుచేసిన ష్టెల్‌వాగన్ అనే ఆర్గన్ నిర్మాతే అంతకుముందు 1637లో అదే ఊరి పరిశుద్ధ యాకోబు చర్చిలోని చిన్న ఆర్గన్‌ను విస్తరించాడనీ, అది యుద్ధాన్ని తప్పించుకుని నిలిచిందనీ ఆయన ఓపికగా వివరించారు. పోయిన నాదం తిరిగి రాదు. దానికి దగ్గరి చుట్టమనదగిన ఈ నాదాన్నే రికార్డు ద్వారా సభలో వినిపించాను.

మూడోవారు మా వీధిలో హార్మోనియంలు బాగుచేసే పెద్దాయన. సభలో ఆయన ఒక పెట్టె విప్పి తిత్తినీ రీడ్లనూ పిల్లలకు చూపించారు. హార్మోనియంలో గాలికి రీడు అదురుతుంది. ఆర్గన్‌లోనైతే అదే గాలి చాలా గొట్టాలను మురళిలా పలికిస్తుంది. కరెంటు లేని రోజుల్లో ఆర్గన్ తిత్తులను మనుషులే తొక్కేవారని చెబితే పిల్లలు నమ్మలేదు.

దిద్దిన ప్రతి సంఘ కార్యాలయంలో ఉంది.